కొబ్బరినీళ్ళు తాగిన పెట్టె

కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళు మా కోనసీమలో వీధికి ఇద్దరుంటారు. అడిగితే ఎండ గురించి చెబుతారు, జీతం గురించి చెబుతారు, ఇక చెప్పడానికేముంది అని లేచిపోతారు. నేను పనికి వెళ్ళలేదు. పది రోజులు చూసి రావడానికి వెళ్ళాను. చూసి రావడానికి వెళ్ళినవాడు చేతులు కట్టుకుని చూసి రావాలి. నేను ఊరుకోలేక ఒక పెద్ద తప్పు చేశాను. అది చెబితే ఆ దేశం గురించి కూడా కాస్త తెలుస్తుంది గనక రాస్తున్నాను.

నా పని హార్మోనియాలు బాగుచేయడం. పద్యనాటకాల కంపెనీల వెంట నలభై ఏళ్ళు తిరిగాను. బడికి పోలేదు. యాభై దాటాక మా కంపెనీ ప్రాంప్టరు నాటకం ప్రతి నా ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. ఇప్పుడు డెబ్బై ఒకటి. నా రాతలో తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఫర్వానియా

నా మేనల్లుడు సత్తిబాబు పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. సభలకూ పెళ్ళిళ్ళకూ మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చే కంపెనీలో పని. మన లెక్కలో మైకుసెట్టువాడు. కాకపోతే అక్కడి మైకుసెట్టుకు లారీ కావాలి. వాడే వీసా తీసి పంపి, "మావయ్యా, నీ రిపేరు సంచీ కూడా ఎట్టుకురా. మా భజన గదిలో హార్మణీ పిల్లిలాగా మూలుగుతంది" అన్నాడు.

ఫర్వానియాలో వాడి ఫ్లాటు మూడో అంతస్తు. మూడు గదుల్లో తొమ్మిదిమంది. ఒక్కొక్కడికి ఒక మంచం, మంచం చుట్టూ తెర. ఆ తెర లోపల వాడి ఇల్లు, తెర బయట ఊరు. ఒక గది గోదావరివాళ్ళది, పక్క గది కడపవాళ్ళది. మావాళ్ళు పులుసులో బెల్లం వేస్తే పక్కగదివాళ్ళు పాయసం చేశారా అని ఎగతాళి చేస్తారు. వాళ్ళ ఊరిబిండి అనే పచ్చడితో ఒక ముద్ద తిని నేను రెండు చెంబుల నీళ్ళు తాగాను.

ధరలు చెప్పాలి. దీనారుకు వెయ్యి ఫిల్సులు, దీనారంటే మనకు దగ్గర దగ్గర మూడొందలు. వీధి చివర కరక్ చాయ్ నూటయాభై ఫిల్సులు. చిక్కగా, యాలకుల ఘాటుతో, చిన్న కాగితం కప్పులో పోస్తారు. చందువ చేపను జుబైదీ అంటారు, దానికోసం ప్రాణం పెడతారు, కిలో ఎనిమిది తొమ్మిది దీనార్లట. ఆ మాట విని చేప వైపు దండం పెట్టి వచ్చేశాను. ఖుబూస్ అనే రొట్టె మాత్రం అందరికీ అందే ధరే. వేడిగా ఉంటే బాగుంటుంది, చల్లారితే హార్మోనియం తోలుతిత్తికి అతుకు వేసుకోవచ్చు.

మొదటి రోజే సత్తిబాబు గురువారం సంగతి చెప్పాడు. "పెద్ద పోగ్రాం మావయ్యా. ఇంగ్లండు నుంచి ఇద్దరు పెద్దోళ్ళు వత్తన్నారు. ఇక్కడయ్యాక దుబాయ్ ఎళ్తారంట. ఒకాయన పాడతాడు, ఒకాయన వాయిత్తాడు."

"ఇద్దరేనా? డ్రమ్ములు?"

"డ్రమ్ములకి మనిషి లేడు. దానికో పెట్టె ఉంటాది, అదే కొట్టుకుంటాది. దీన్ని న్యూ వేవ్ అంటారు. అప్పట్లో కొత్తగా వచ్చిన పాట."

"ఎప్పట్లో?"

"నే పుట్టకముందు."

"మరి ఇంకా కొత్తంటావేంట్రా?"

వాడు నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఈ ప్రోగ్రాం మొత్తం మొదటిసారి వాడి చేతికి అప్పగించారు. బాగా జరిగితే ఇన్‌చార్జి చేస్తామన్నారు. చెడితే వచ్చే నెల ఇఖామా కొత్తది చేయించరు. ఇఖామా అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు. అది లేకపోతే మనిషి ఖలాస్. సామాను సర్దుకుని ఇంటికి రావడమే.

"పాడేవాడొకడు, పెట్టె పట్టేవాడొకడు. అది మన పద్యనాటకమేరా. భయపడకు, నేనున్నాను" అన్నాను. నేను లేకపోతేనే వాడికి బాగుండేదని రెండో రోజుకు తెలిసింది.

గోదాములో

వాళ్ళ గోదాము షువైఖ్‌లో ఉంది. మెకానిక్కు షెడ్లూ ఇనుప దుకాణాలూ ఉండే చోటు. ఆ వాయించే ఆయన తన వాయిద్యాన్ని ముందే విమానంలో పంపించాడు. ఇనుప అంచులున్న పెద్ద పెట్టెలో వచ్చింది. మూత తీస్తే లోపల ఇంకో పెట్టె. నల్లటిది, పక్కల కర్రపలకలు, రెండు వరసల మీటలు. బొటనవేలు ఆనే చోట రంగు పోయి లోపలి రేకు కనిపిస్తోంది. మీటల పైన కాగితం టేపు అంటించి పెన్సిల్‌తో ఏవో గుర్తులు పెట్టుకున్నాడు. అక్షరాలు రాని రోజుల్లో నేను రీడ్ల మీద గాట్లు పెట్టుకునేవాణ్ణి. ఎవరో తెలియకుండానే ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

పని మొదలుపెట్టే ముందు సత్తిబాబు కొబ్బరికాయ కొడతాడు. అది వాడి అలవాటు, మా అందరి అలవాటు. నాటకం తెర లేచే ముందు హార్మోనియానికి కొట్టకుండా ఉంటామా? వాడు కాయ తెచ్చాడు. నాలుగొందల యాభై ఫిల్సులట. కోనసీమవాణ్ణి, కొబ్బరికాయకు నూటముప్పై రూపాయలా అని గుండె గుభేలుమంది.

"పెద్దోడివి, నువ్వు కొట్టు మావయ్యా. ఉండు, మూతెట్టేత్తాను" అన్నాడు.

"వద్దు. దేవుడికి చూపించేది వాయిద్యాన్నా, మూతనా?" అన్నాను.

ఈ మాట నాదే. ఎవరిమీదికీ నెట్టను. ఇనుప అంచుమీద ఒక్క దెబ్బ వేశాను. కాయ ముదురుది, నిండా నీళ్ళున్నాయి. సగం నేలమీద పడ్డాయి. సగం ఎగిరి మీటల సందుల్లోకి దిగిపోయాయి. సత్తిబాబు "అమ్మో" అన్నాడు. "ఏం కాదురా" అన్నాను. గుడ్డ పెట్టి తుడిచాం, కరెంటు పెట్టి చూశాం, పలికింది. హాయిగా వచ్చి పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నొక్కితే పదకొండు మీటలు దిగినవి దిగినట్టే ఉండిపోయాయి. కొబ్బరినీళ్ళు ఆరితే బంకే కదా. రెండు మీటలు అసలు పలకలేదు.

సత్తిబాబు ఒక స్పీకరు మీద కూలబడ్డాడు. "మావయ్యా, ఎవరికీ సెప్పకు. ఇమానంలో పాడైపోయిందందాం."

"విమానంలో కొబ్బరినీళ్ళెక్కడివిరా?"

"ఆళ్ళకేం తెలుత్తాది?"

"పెట్టె పట్టేవాడికి వాసన తెలుస్తుంది. ఎప్పుడొస్తారు వాళ్ళు?"

"రేపు మజ్జాన్నం."

"ముందు బాగుచేద్దాం. తర్వాత ఆయన మొహం మీదే చెబుతాను, నేను కొట్టానని."

"నువ్వు సెప్పేసి ఊరెళ్ళిపోతావు. ఇక్కడుండాల్సింది నేను" అన్నాడు. వాడన్నది నిజమే. సంచీ విప్పాను.

మందుల షాపు

ఆర్కెస్ట్రావాళ్ళ కరెంటు పెట్టెలు కూడా ఊళ్ళో నా దగ్గరికే వస్తాయి. బంక పోవాలంటే స్పిరిట్ కావాలి. మందు చుక్క దొరకని దేశంలో డెబ్బై ఏళ్ళవాడు మందుల షాపుకెళ్ళి రెండు సీసాల స్పిరిట్ అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. షాపులో కళ్ళజోడు పెట్టుకున్న కేరళ ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"దో బోతల్? కిస్‌లియే?" అన్నాడు.

నా హిందీ నాటకాల హిందీ. "బాజా ధోనా హై" అన్నాను.

"బాజా కౌన్ ధోతా హై, చాచా?"

వాద్యాన్ని ఎవడు కడుగుతాడు అని అడుగుతున్నాడు. సత్తిబాబు ఫోనులో ఫొటో చూపించాడు. ఆయన ఫొటో చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "తాగాలనుకుంటే మా ఊళ్ళోనే ఉండేవాణ్ణి బాబూ, నాలుగడుగుల్లో దుకాణం" అని తెలుగులోనే అన్నాను. ఏమర్థమైందో, నవ్వి రెండు సీసాలూ ఇచ్చాడు. దూదిపుల్లలు ఒక పొట్లం ఊరికే ఇచ్చాడు.

గోదాములో పేపరు పరిచి మరలు తీసినవి తీసిన వరసలో పేర్చాను. ఒక్కొక్క మీట కింద చొక్కా బొత్తామంత నల్లరబ్బరు ముక్క ఉంది. మీట నొక్కితే రబ్బరు కింద తగులుతుంది, తగిలితే స్వరం. బంక చక్కగా వదిలింది. కానీ ఆ రబ్బరు నలభై ఏళ్ళ నాటిది. స్పిరిట్ తగిలి, నేను కాస్త గట్టిగా రుద్దేసరికి మూడు ముక్కలు పెచ్చులూడిపోయాయి. ఇది నా రెండో తప్పు.

సత్తిబాబు ఆ ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత ఒక్కసారి లేచి, "ఇలాంటి పెట్టె ఒకటి సూసాను. సబా అల్ సలేంలో ఒకళ్ళింట్లో. మొన్న ఆళ్ళింట్లో పెళ్ళికి మేమే మైకులెట్టాం" అన్నాడు.

సబా అల్ సలేం

శుభ్రమైన వీధులు, కోటగోడల్లాంటి ప్రహరీలు. వీధిలో మనిషి కనపడడు, కార్లే కనపడతాయి. సత్తిబాబు ముందు గుమ్మం వదిలి పక్కనున్న వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. రాజంపేట దగ్గరి నాగమ్మ అక్కడ పద్నాలుగేళ్ళుగా వంట చేస్తోంది. యాభై ఉంటాయి. చేతికి పిండితోనే తలుపు తీసింది.

"ఏంది సత్తీ, మల్లా పెండ్లా? ఈ పెద్దాయన యెవరు?"

వాడు అంతా చెప్పాడు. ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "టెంకాయ కొట్టినారా దాని మింద! వాళ్ళు ఎవురో తెలుసునా? మా మామాకు వాళ్ళంటే పానం. నాకొగ టికెట్టు, ఆమెకొగ టికెట్టు, రొండు నెల్ల కిందటే కొనింది. ఉండండి, పిలుస్తా."

పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారక్కడ. ఆమె వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి, నల్లటి పొడుగు గౌను, మెడలో కళ్ళజోడు. నన్ను లోపల కూర్చోబెట్టి గహ్వా పోయించింది. కాఫీ అంటారు గానీ చక్కెర ఉండదు, పాలుండవు. ఖర్జూరం కొరుక్కుని తాగాలి. చిన్న కప్పు, తాగగానే మళ్ళీ పోస్తారు. వద్దంటే మర్యాద కాదేమోనని ఆరు కప్పులు తాగాను. ఏడోదానికి నాగమ్మ, "కప్పు ఊపల్ల పెద్దాయనా! ఊపకుంటే తెల్లార్లూ పోస్తానే ఉంటారు" అంది. ఊపితే చాలని అర్థమట. మా ఇళ్ళల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

మామా అరబ్బీలో చెబుతుంటే నాగమ్మ తన తెలుగులోకి మార్చి చెప్పింది. ఆ ఇంగ్లీషు జంట చరిత్ర నేను కడప మాటల్లో విన్నాను. అలా విన్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయివుంటాను.

"వాయించేటాయన పేరు నార్మనంట, పాడేటాయన డెరెక్కంట. ఒగే వీదిలో పుట్టినారంట. వాళ్ళ ఊర్లో బట్టల మిల్లు మూసేసినారంట, పని లేక ఇంట్లో కూచోని పాటలు కట్టినారు. ఒగ పాటతో లోకమంతా పేరొచ్చె. మా మామా చిన్నపిల్లంట అప్పుడు. క్యాసెట్లు దాచిపెట్టుకొని, తమ్ముడూ ఈమా గదిలో వాళ్ళ మాదిరే ఆడుకొనేటోళ్ళంట. ఈమె పాడేది, తమ్ముడు వాయించేది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, కొట్లాట. డెరెక్కు ఇంగా పెద్దగా చేయల్లనె. గిటారు వాయించే ఆయప్పను తెచ్చె, వెనక పాడేదానికి ఒగామెను తెచ్చె. నార్మను, ఇద్దురం చాలు అనె. డెరెక్కు వాళ్ళను తీసుకొని పాయె. ఆ గిటారాయప్ప రొండేండ్లకు సొంతంగా పాయె, ఆ పాడేటామె పెండ్లి చేసుకొని మానేసె. డెరెక్కు ఒగడే మిగిలె. నార్మను వేరేవాళ్ళ పాటలకు వాయించేటోడంట, పైన పేరు కూడా వేయరంట. అయినా మా మామా చేతిని బట్టి కనుక్కునేది, ఇది ఆయనదే అని."

ఈ చివరి మాటకు నేను మామా వైపు చూసి తలవంచాను. చేతిని బట్టి వాయించేవాణ్ణి గుర్తుపట్టే మనిషి మా వైపు కూడా ఊరికొకరు ఉండరు.

ఆమె లేచి ఒక పాత టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టింది. డ్రమ్ము పెట్టె టకటకమంది, దానిమీద మీటల నాదం, దానిమీద గొంతు. మాటలు నాకు తెలియవు. సగంలో ఒక చోట గొంతు మెట్టు మెట్టుగా ఎక్కి పైన ఒక్క స్వరం మీద నిలబడింది. తారషడ్జం మీద మంచి నటుడు నిలబడినట్టే ఉంది. మామా కళ్ళు మూసుకుంది.

"ఈ చోటు కోసరమే పోతాండాదంట" అంది నాగమ్మ. "ఇన్నేండ్లకు కలిసినారు, ఆ చోట ఒగసారి ఎదురుగా వినల్ల అంటాండాది."

సామాన్ల గదిలోంచి తమ్ముడి పెట్టె తెప్పించింది. అదే కంపెనీది, కాస్త చిన్నది. తమ్ముడు ఇప్పుడు బ్యాంకులో పెద్ద ఆఫీసరట, దాన్ని ముట్టి ముప్పై ఏళ్ళయిందట. రబ్బర్లు తీసుకొమ్మంది. గోదాముకు తెచ్చి పెడితే రెండు సరిగ్గా కూర్చున్నాయి. మూడోది, పై వరసలోది, కొలత తేడా వచ్చి పట్టలేదు. ఒక్క మీట మిగిలిపోయింది. ఏదో ఒకటిలే అనుకున్నాను. ఆ క్యాసెట్టులో గొంతు నిలబడ్డ స్వరం ఆ మీటదే.

సముద్రం పక్క హాలు

బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. హాలు సముద్రం పక్కనే. చలికాలం గనక గాలి మన గోదావరి గట్టుమీద గాలిలా ఉంది. నార్మన్ పొట్టిగా, వంగిన భుజాలతో ఉన్నాడు. డెరెక్ పొడుగు, నల్లకోటు, జుట్టుకు రంగు. మెడలో ఉన్ని గుడ్డ చుట్టుకున్నాడు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. అది చూడగానే నాకు ఒక అనుమానం వచ్చింది.

నార్మన్ పెట్టె దగ్గరికి వచ్చి ముందు వంగి వాసన చూశాడు. నేను సత్తిబాబు వైపు చూశాను, విన్నావా నా మాట అన్నట్టు. తర్వాత చెప్పాను. కొబ్బరికాయ కొట్టింది నేను, మూత వెయ్యొద్దన్నది నేను, రబ్బరు చించింది నేను, వీడి తప్పు ఏమీ లేదు. సత్తిబాబు ఇంగ్లీషులో చెప్పాడు. నార్మన్ నన్ను చూసి ఏదో అడిగాడు.

"కాయ కొట్టినందుకు ఫలితమేమన్నా దక్కిందా అనడుగుతన్నాడు మావయ్యా."

"గురువారం తెలుస్తుందని చెప్పు."

ఆయన ముక్కుతో నవ్వి కుర్చీ లాక్కుని కింది మీటనుంచి పైదాకా ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళాడు. పైన ఒక్కటి దగ్గర ఆగాడు. మళ్ళీ నొక్కాడు. పలకలేదు.

డెరెక్ మండిపడ్డాడు. మాటలు తెలియకపోయినా తిట్లు ఏ భాషలోనైనా తెలుస్తాయి. సత్తిబాబు నా చెవిలో చెబుతున్నాడు. "ఇయ్యాళ్ళ కొత్త పెట్టెలన్నిట్లో ఈ సౌండే ఉంటాది, ఒకటి అద్దెకి తెచ్చుకో అంటన్నాడు. ఈ డబ్బా కోసం ఇంకెన్నాళ్ళు అంటన్నాడు." నార్మన్ వద్దన్నాడు. అంతే, ఒక్క మాట. డెరెక్ వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. ఇదే కొట్లాట ముప్పై ఏళ్ళ కిందట జరిగివుంటుంది. నా కొబ్బరికాయ దాన్ని మళ్ళీ లేపింది.

కాసేపటికి సాధన మొదలైంది. తతిమ్మా పాటలకు ఆ మీటతో పనిలేదు, బాగానే సాగాయి. ఆ పేరున్న పాట దగ్గర, గొంతు ఎక్కాల్సిన చోట, డెరెక్ మైకు దూరం పెట్టి దగ్గాడు. రెండోసారి సత్తిబాబును పిలిచి మైకు బాగాలేదన్నాడు. మూడోసారి తాళంలో తలూపి పాడకుండా దాటేశాడు. మైకుకు ఏమీ కాలేదు. ఆయన గొంతు అక్కడిదాకా వెళ్ళదు. ఫ్లాస్కు చూసినప్పుడు నాకొచ్చిన అనుమానం ఇదే.

టీ విరామంలో నార్మన్ ఒక్కడే మెట్లమీద కూర్చుని కరక్ తాగుతున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. సత్తిబాబును మధ్యలో పెట్టుకుని మొహమాటం లేకుండా చెప్పాను. "నీ పాటగాడి గొంతు దిగింది. నీకూ తెలుసు. శ్రుతి దించు."

సత్తిబాబు "మావయ్యా, ఇలా అనొచ్చా?" అన్నాడు. "అన్నది అన్నట్టు చెప్పరా" అన్నాను.

మా నాటకాల్లో రాజు వేషం వేసే నటుడికి వయసొస్తే హార్మోనిస్టు తెరలేచే ముందు ఒక మెట్టు దించి శ్రుతి పట్టుకుంటాడు. నటుడికి చెప్పడు, నటుడు అడగడు. జనానికి అసలే తెలియదు. రాగం అదే, పద్యం అదే, గొంతు పైకి అందుతుంది, చప్పట్లు పడతాయి. హార్మోనిస్టు రాని రోజుల్లో పెట్టె పట్టి నేనూ ఇద్దరు ముగ్గురికి అలా దించాను. ఇదంతా చెప్పాను.

నార్మన్ కప్పులోకి చూస్తూ మాట్లాడాడు. సత్తిబాబు చెప్పాడు: "దించుదామంటే ఆయన ఎళ్ళిపోతాడంట మావయ్యా. ఆ మాటనడం తన వల్ల కాదంట. ఒకసారి ఎళ్ళిపోయాడు, మళ్ళీ రావడానికి ముప్పై ఏళ్ళు పట్టిందంట."

"ఆయన గొంతు కోసమని ఎవడు చెప్పమన్నాడు? పైన మీట చచ్చింది. ఒక మెట్టు దించితే ఆ పాటలో ఆ మీట అసలు తగలదు. పెట్టె కోసం దించాలని చెప్పు. డ్రమ్ము పెట్టెకు శ్రుతి గొడవ లేదు, నువ్వు చేత్తో వాయించేవాడివి, నీకేం అడ్డం?"

ఆయన కప్పు కింద పెట్టి లేచాడు. లోపలికి వెళ్ళి డెరెక్‌తో మాట్లాడాడు. డెరెక్ చేతులు విసిరాడు, పెట్టెను తిట్టాడు, నన్ను చూపించి ఏదో అన్నాడు. చివరికి, "ఒక్క రోజుకి, నీ డబ్బా కోసం" అని ఒప్పుకున్నాడట. ఆ రోజు మళ్ళీ ఆ పాట సాధన చేయలేదు.

గురువారం

పొద్దున్నే లేవగానే బుర్రకు తట్టింది. నార్మన్ ఎన్నడూ ముట్టని మీట అన్నిటికన్నా కింద ఒకటుంది. దాని మీద వేలి గుర్తు కూడా లేదు. దాని రబ్బరు తీసి పైదానికి వేస్తే? ఎనిమిదికల్లా హాల్లో ఉన్నాను. వేశాను. మరలు బిగించాను. నొక్కితే గంటలా పలికింది. నా సంతోషం చెప్పలేను. పదింటికి నార్మన్ రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నొక్కి చూపించాను.

ఆయన విన్నాడు. నా భుజం తట్టాడు. ఆ మీట మీద వేలు పెట్టి, చాలా నెమ్మదిగా సత్తిబాబుతో ఒక మాట చెప్పాడు.

"ఇది ఇయ్యాళంతా సచ్చిపోయినట్టేనంట మావయ్యా. డెరెక్ అడిగితే అలాగే సెప్పమంటన్నాడు."

నా చేత్తో బాగుచేసిన దాన్ని బాగుకాలేదని ఎలా చెప్పను? నలభై ఏళ్ళుగా నా నోటి వల్లే నాకు గిరాకీ తగ్గిందని మా ఆవిడ అంటుంది. పాడైన పెట్టెను పాడైందనీ, పాడనివాణ్ణి పాడలేవనీ మొహం మీదే అంటాను. నాకు వచ్చింది అదొక్కటే. సాయంత్రం దాకా ఆ హాల్లో డెరెక్‌కు ఎదురుపడకుండా తిరిగాను. భోజనానికి మచ్బూస్ పెట్టారు, మాంసంతో వండిన అన్నం, మా ఊళ్ళో పెళ్ళిలో పలావు దాని ముందు దిగదుడుపే. నేను రెండు ముద్దలు తిని లేచిపోయాను.

ఆరింటికి డెరెక్ నన్నే వెతుక్కుంటూ వచ్చాడు. పెట్టె వైపు చూపించి అడిగాడు. సత్తిబాబు అనువదించక ముందే నాకు తెలిసింది.

"పలకదు" అన్నాను.

ఆయన నా కళ్ళల్లోకి చూశాడు. సరే అన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. సత్తిబాబు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

ఏడింటికి హాలు నిండింది. ఎక్కువమంది మామా వయసువాళ్ళే. తెల్లటి పొడుగు దిష్‌దాషాలు తొడుక్కున్న మగవాళ్ళు, వాళ్ళ పక్కన ఇంగ్లీషు పంతుళ్ళు, పంతులమ్మలు. లేచి గంతులు వెయ్యొద్దని గుమ్మం దగ్గరే చెప్పారు, అందరూ కుర్చీల్లోనే తలలూపుతున్నారు. మూడో వరసలో మామా, పక్కన పట్టుచీర కట్టుకున్న నాగమ్మ. నేను పక్కన తెర చాటున సత్తిబాబు దగ్గర నిలబడ్డాను. వాడి చేతులు మైకుల బోర్డు మీటల మీద ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి, ఏదో దండకం చదువుకుంటున్నాడు.

ఆ పాట వచ్చింది. నార్మన్ ఒక మెట్టు కింద పట్టాడు. డెరెక్ మొదటి చరణం జాగ్రత్తగా పాడాడు, చలినీళ్ళలో కాలు పెట్టినవాడిలా. ఎక్కాల్సిన చోటు వచ్చింది. ఎక్కాడు. నిలబడ్డాడు. గొంతు కొద్దిగా గరుకు, కానీ నిండుగా ఉంది. మా దగ్గరైతే ఈలలేసి, వన్స్ మోర్ అని అరిచి, నాటకం ఆపి మళ్ళీ పాడిస్తారు. నేను నోరు తెరిచాను, సత్తిబాబు గబుక్కున నా చెయ్యి నొక్కాడు. నేను అరవాల్సిన పని లేకపోయింది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. మామా రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని కూర్చుంది.

అయిపోయాక మేనేజరు వచ్చి సత్తిబాబు వీపు చరిచి "తమామ్, తమామ్" అన్నాడు. బాగుంది అని. వచ్చేవారం పెళ్ళి కూడా నువ్వే చూడు అన్నాడట. వాడు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాగమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "క్యాసెట్టులో ఉన్నెట్లే పాడినాడు అంటాండాది మా మామా. ఒగ ఇసుమంత కూడా తేడా లేదంట."

చేతిని బట్టి మనిషిని కనిపెట్టే ఆమెకు తేడా తెలియలేదా, తెలిసి అలా అందా, నేను అడగలేదు.

జనం వెళ్ళిపోయారు. మా వాళ్ళు వైర్లు చుడుతున్నారు, స్పీకర్లు ఇంకా కట్టలేదు. నార్మన్ కుర్చీ మీదే కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. డెరెక్ మెడలో గుడ్డ చుట్టుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చాడు. ఊరికే నిలబడ్డాడు. తర్వాత చెయ్యి చాచి, పైవరసలో ఆ ఒక్క మీటను నొక్కాడు.

ఖాళీ హాలంతా గంటలా మోగింది.

నార్మన్ లేసు కట్టడం ఆపాడు, తల ఎత్తలేదు. నేను కదల్లేదు. డెరెక్ వేలు తీయకుండా ఆ స్వరాన్ని అలాగే ఉంచాడు. నన్ను చూశాడు. నార్మన్‌ను చూశాడు. తర్వాత వేలు తీసి నార్మన్‌ను ఏదో అడిగాడు. నార్మన్ జవాబు చెప్పాడు. డెరెక్ తలూపి, పెట్టె మూత తనే దించి, గడియ నొక్కి, బయటికి నడిచాడు.

"ఏమన్నార్రా?" అన్నాను.

"దుబాయ్‌లో కూడా ఈ మీట పలకదు కదా అనడిగాడు మావయ్యా" అన్నాడు సత్తిబాబు. "పలకదు అన్నాడు ఈయన."